ఆ తర్వాతేందిరా?

మా అమ్మ ఒంగోలు నుంచి బెంగళూరు వచ్చిన ప్రతిసారీ చెప్పులు విడిచీ విడవకముందే నా ఎడమ చెవి పట్టుకుని చూస్తుంది. పదేళ్ళకి పైగా చూస్తూనే ఉంది. చెవి పైభాగం మడతలు పోయి, ముద్దకట్టి, ఎండిన అల్లం కొమ్ములా ఉంటుంది. రగ్బీలో రెండు జట్లూ తలలు దూర్చి నెట్టుకునే స్క్రమ్ కట్టినప్పుడు ముందు వరసలో నడుమ ఉండేవాణ్ణి హుకర్ అంటారు. వాడి తల రెండు వైపులా ఎదుటివాళ్ళ తలల మధ్య ఇరుక్కుంటుంది. చెవి నలిగి, చర్మానికీ లోపలి మెత్తటి ఎముకకీ మధ్య రక్తం చేరుతుంది. వెంటనే సూదితో తీయించుకుంటే సరి, లేకపోతే అదే గట్టిపడి అట్లా ఉండిపోతుంది. రగ్బీ ఆడే దేశాల్లో దీనికి కాలీఫ్లవర్ చెవి అని పేరు, కాస్త మర్యాద కూడా ఉంది. మా ఊళ్ళో అయితే "ఎవడు కొట్టాడ్రా?" అని అడుగుతారు.

నేను ప్రొఫెషనల్ ఆటగాణ్ణి కాదు, ఆ దరిదాపులకి కూడా పోలేదు. వారమంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఆదివారం రగ్బీ, అట్లా ఆరేళ్ళు. జీతం సంగతి దేవుడెరుగు, గ్రౌండు అద్దెకి మేమే చందాలేసుకునేవాళ్ళం. జట్టులో సగం మంది నైట్ షిఫ్ట్ దిగి నేరుగా వచ్చేవాళ్ళు. ఆట అయ్యాక మారతహళ్ళిలో ఆంధ్రా మెస్సుకి పోతే, స్క్రమ్‌లో నాకు అటూ ఇటూ నిలబడే మా ప్రాప్‌లు ఇద్దర్నీ చూసి మెస్సాయన 'అన్‌లిమిటెడ్' అని రాసిన తన బోర్డు వైపు ఒకసారి దిగులుగా చూసుకునేవాడు.

ఇప్పుడీ గోలంతా ఎందుకంటే, పోయిన సంక్రాంతికి రామ్మూర్తినగర్‌లో అక్కావాళ్ళింట్లో అందరం కూర్చుని తింటున్నాం. మా మేనల్లుడికి పదిహేడేళ్ళు, సెకండ్ పీయూ, అంటే మన ఇంటర్ రెండో ఏడు. ఫ్లైహాఫ్ ఆడతాడు, అంటే బంతి అందుకుని ఆటని నడిపేవాడు, కాలు బాగుంటుంది, చూపు ఇంకా బాగుంటుంది. వాణ్ణి ఈ ఆటలోకి దించింది నేనే, ఆ మాట అక్క నెలకోసారైనా గుర్తుచేస్తుంది.

"మామయ్యా, నువ్వే చెప్పు వీళ్ళకి," అన్నాడు. "పీయూ అయ్యాక నేను రగ్బీలోకే పోతా. ప్రొఫెషనల్‌గా."

బావ గారె తుంచుతూ ఆగిపోయాడు. అక్క వాణ్ణి చూడలేదు, నన్ను చూసింది. అమ్మ ఒక్కతే తాపీగా అడిగింది.

"ఎన్నాళ్ళు ఆడొచ్చురా అది?"

"ముప్పై, ముప్పై రెండేళ్ళ దాకా అమ్మమ్మా. ప్రాప్‌లయితే ఇంకొన్నాళ్ళు."

"ఆ తర్వాతేందిరా?"

వాడు నవ్వాడు, వాడితో పాటు నేనూ నవ్వాను. నేను ఎంసీఏ వద్దన్నప్పుడు విన్నాను ఆ ప్రశ్న, మొదటి కంపెనీ మానేసినప్పుడు విన్నాను, ఫ్లాటు ఇప్పుడే కొననన్నప్పుడూ విన్నాను. తెలుగు ఇళ్ళలో పిల్లల ఉత్సాహం మీద చల్లే నీళ్ళ చెంబు లాంటిదది అనుకుంటూ పెరిగాను. కానీ ఆ రాత్రి ఇంటికొచ్చి పడుకున్నాక నవ్వు రాలేదు. ప్రొఫెషనల్ రగ్బీ మీద నేను చదివిన విమర్శలన్నిట్లోకీ మా అమ్మ అడిగిందే గట్టిది. ముప్పై ఏళ్ళుగా ఆ ఆటని నడిపేవాళ్ళు తప్పించుకు తిరుగుతున్నది సరిగ్గా ఆ ప్రశ్న నుంచే. మన దగ్గర ఈ ఆటలోకి ఇప్పుడిప్పుడే డబ్బు వస్తోంది కాబట్టి, మనం ఆ ప్రశ్నని చివరికి అట్టిపెట్టుకోకుండా ముందే అడగాలని నా వాదన.

రగ్బీ చూడనివాళ్ళకి రెండు ముక్కలు. రగ్బీ యూనియన్ అంటే పక్కకి 15 మంది, 80 నిమిషాల ఆట. బంతిని చేత్తో ముందుకి విసరకూడదు, వెనక్కో పక్కకో ఇవ్వాలి. అవతలి గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే ట్రై, 5 పాయింట్లు. బంతి పట్టుకున్నవాణ్ణి పడగొట్టడం న్యాయమే. మన చెడుగుడులో కూతకొచ్చినవాణ్ణి పట్టేస్తామే, దాన్నే పరుగు మీద, వంద కిలోల మనుషులతో, కూతా గీతా లేకుండా ఊహించుకోండి. స్క్రమ్ అంటే ఎనిమిది మందికి ఎనిమిది మంది తలలు దూర్చి నెట్టుకోవడం. అంతర్జాతీయ జట్లలో ఒక్కో వైపు బరువు 900 కిలోల దాకా ఉంటుంది.

ఈ ఆటలో డబ్బు గొడవ చాలా పాతది. 1895 ఆగస్టులో ఇంగ్లండు ఉత్తరాన హడర్స్‌ఫీల్డ్‌లో కొన్ని క్లబ్బులు కూర్చుని అసలు సంఘం నుంచి విడిపోయాయి. అక్కడ ఆడేవాళ్ళు గనుల్లో, మిల్లుల్లో పనిచేసే కూలీలు. శనివారం ఆటకి పోతే ఆ పూట కూలి పోతుంది, ఆ కూలి డబ్బులు ఇప్పించండన్నారు. లండన్ పెద్దమనుషులు కుదరదన్నారు. ఆట గౌరవం కోసం ఆడాలి, డబ్బు కోసం కాదు అని వాళ్ళ సిద్ధాంతం. కూలి పోయే భయం లేనివాడికి అట్లాంటి సిద్ధాంతం పెట్టుకోవడం తేలికే. అట్లా విడిపోయినవాళ్ళ ఆటే తర్వాత రగ్బీ లీగ్ అయింది. యూనియన్ మాత్రం ఇంకో వందేళ్ళు పట్టుబట్టి కూర్చుని, సరిగ్గా 1995 ఆగస్టులో, ఇకమీదట జీతాలిచ్చి ఆడించుకోవచ్చు అని తలుపులు తెరిచింది.

తెరిచిన కారణం కూలీల మీద జాలి కాదు. ఆ ఏడాది దక్షిణాఫ్రికాలో జరిగిన ప్రపంచ కప్పు సెమీఫైనల్లో జోనా లోము అనే ఇరవై ఏళ్ళ న్యూజిలాండు కుర్రాడు ఇంగ్లండు మీద నాలుగు ట్రైలు చేశాడు. అందులో ఒకదానికి, అందరికన్నా వెనక కాపు కాసే ఎదుటి ఫుల్‌బ్యాక్ మీదుగానే తొక్కుకుంటూ పోయాడు. ప్రపంచమంతా టీవీలో చూసింది. టీవీ డబ్బు వెల్లువలా వస్తుంటే ఇక సిద్ధాంతం నిలబడలేదు. ఆ ఏడాది చివర్లోనే లోముకి మూత్రపిండాల జబ్బు ఉందని తేలింది. 2004లో మార్పిడి చేయించుకున్నాడు, 2015లో నలభై ఏళ్ళకే పోయాడు. ఆ జబ్బు ఆట వల్ల వచ్చింది కాదనుకోండి. అయినా ప్రొఫెషనల్ రగ్బీ మొదటి పెద్ద బొమ్మ ఆయనదే కావడం నాకు ఎప్పుడూ ఎట్లాగో ఉంటుంది.

1995కి ముందు ఆడినవాళ్ళ ఉద్యోగాలు చూస్తే భలే ఉంటుంది. వేల్స్ ఫుల్‌బ్యాక్ జేపీఆర్ విలియమ్స్ ఎముకల డాక్టరు. ఇంగ్లండుకి 49 ట్రైలు చేసిన రోరీ అండర్‌వుడ్ వాయుసేన పైలట్. వేడ్ డూలీ పోలీసు. న్యూజిలాండు కోలిన్ మీడ్స్ రైతు, 1970లో దక్షిణాఫ్రికా పర్యటనలో చెయ్యి విరిగినా ఆడిన మొండివాడు. వీళ్ళెవరినీ "ఆ తర్వాతేందిరా?" అని అడగక్కర్లేదు. ఆ తర్వాత ఉండాల్సింది ఆటతో పాటే నడుస్తోంది.

ఇక్కడ నాలాంటివాడు "ఆ రోజులే వేరు" అని కళ్ళు తుడుచుకోవడం తేలిక. అది అబద్ధం. ఆ రోజుల్లో డాక్టరు ఆడగలిగాడు, గని కూలీ వేరే ఆట పెట్టుకోవాల్సి వచ్చింది. డబ్బు ఇవ్వడం తప్పని నేననను. ఒళ్ళు హూనం చేసుకుని జనాన్ని ఆనందపెట్టేవాడికి జీతం ఇవ్వకపోవడమే తప్పు. నా గొడవ ఆ జీతం ఇచ్చే పద్ధతితో. పద్దెనిమిదేళ్ళ పిల్లాడి రోజు మొత్తాన్ని కొనేసి, వాడికి ఇంకో చదువుకీ ఇంకో పనికీ సందు లేకుండా చేసి, పదేళ్ళ తర్వాత "ఇక నీ దారి నువ్వు చూసుకో" అంటారే, దానితో.

మనవాళ్ళు ప్రొఫెషనల్ అనగానే ఐపీఎల్ వేలం ఊహించుకుంటారు. రగ్బీ బతుకు అట్లా ఉండదు. అకాడమీలో చేరినవాళ్ళలో చాలామందికి పెద్ద జట్టు కాంట్రాక్టు రాకుండానే ఇంటిదారి పడుతుంది. వచ్చినవాళ్ళకి రెండేళ్ళో మూడేళ్ళో కాంట్రాక్టు. వారం లెక్క ఇట్లా ఉంటుంది: సోమవారం వీడియో పెట్టి శనివారం నువ్వు చేసిన తప్పులు అందరి ముందూ చూపిస్తారు, మంగళవారం ఒళ్ళు విరిచే ప్రాక్టీసు, బుధవారం సెలవు, గురువారం మళ్ళీ, శుక్రవారం తేలిగ్గా ఒకసారి కదిలి చూసుకోవడం, శనివారం ఆట. మోకాలి లోపల ఏసీఎల్ అనే లిగమెంటు తెగితే దాదాపు తొమ్మిది నెలలు బయట కూర్చోవాలి. రెండేళ్ళ కాంట్రాక్టులో తొమ్మిది నెలలు తీసేస్తే, ఇంకోసారి కొనేవాడికి చూపించడానికి నీ దగ్గర ఏం మిగిలింది?

ఫ్రాన్స్‌లో 'మెడికల్ జోకర్' అనే కాంట్రాక్టు ఉంది. ఎవడికన్నా పెద్ద దెబ్బ తగిలితే వాడు కోలుకునేదాకా, కొన్ని నెలలకి ఇంకొకణ్ణి తెచ్చుకోవచ్చు. వాణ్ణే జోకర్ అంటారు. రమ్మీలో జోకర్‌లాగే, ఏ ముక్క లేకపోతే ఆ ముక్క. ఒకడి మోకాలు తెగితే ఇంకొకడికి మూడు నెలల అన్నం. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నవ్వాను. తర్వాత మా కంపెనీలో ప్రసూతి సెలవు మీద పోయినామె స్థానంలో ఆరు నెలల కాంట్రాక్టు మీద వచ్చిన అమ్మాయి గుర్తొచ్చింది, నవ్వు ఆగిపోయింది.

శరీరం నిలబడినా క్లబ్బు నిలబడాలి కదా. 1867లో పుట్టి, రెండుసార్లు యూరప్ ఛాంపియన్ అయిన ఇంగ్లండు క్లబ్బు వాస్ప్స్ 2022 అక్టోబరులో దివాలా తీసింది. అదే నెలలో వూస్టర్ అనే ఇంకో క్లబ్బు ఆటగాళ్ళ కాంట్రాక్టులు రద్దయిపోయాయి. 2023లో లండన్ ఐరిష్ పోయింది. 13 జట్ల లీగు 10 జట్ల లీగయింది. సీజను మధ్యలో, పెళ్ళాం బిడ్డలతో అద్దె ఇళ్ళల్లో ఉన్న మగవాళ్ళు పదుల సంఖ్యలో ఒకేసారి రోడ్డున పడ్డారు, అందరూ వెతికేది అవే మిగిలిన జట్లలో ఖాళీలు.

ఇంకో మనిషిని తలుచుకోవాలి. శామ్ వార్‌బర్టన్, వేల్స్ కెప్టెను. బ్రిటన్, ఐర్లండు దేశాలన్నీ కలిపి పంపే లయన్స్ జట్టుకి 2013లో, 2017లో రెండుసార్లు నాయకుడు. దానికన్నా పెద్ద గౌరవం ఆ దేశాల్లో ఏ ఆటగాడికీ లేదు. 2017లో మెడకీ మోకాలికీ ఆపరేషన్లు అయ్యాయి. 2018లో మళ్ళీ ప్రాక్టీసుకి వచ్చి, శరీరం సహకరించట్లేదని చెప్పి, 29 ఏళ్ళకి ఆట మానేశాడు. ఆయనకి పేరుంది, టీవీలో మాట్లాడతాడు, బతుకు బాగానే ఉంది. ఆయన పక్కన స్క్రమ్ నెట్టినవాళ్ళలో పేరు లేనివాళ్ళే ఎక్కువ.

మా బావ దగ్గర ఇదంతా చెప్తే సంబరపడ్డాడు. "నేనదే అంటున్నా కదా. ఇంజనీరింగ్ సీటుకి సీఈటీ రాయమను." అప్పుడు నాకు మండింది. బావ నలభై ఆరేళ్ళప్పుడు ఒక పెద్ద కంపెనీ ఆయన్ని ఒక మంగళవారం పొద్దున ఇరవై నిమిషాల వీడియో కాల్‌లో ఇంటికి పంపింది. ఏడు నెలలు ఖాళీగా ఉన్నాడు. రోజూ ఎనిమిదిన్నరకి బ్యాగు తగిలించుకుని లైబ్రరీకి పోయేవాడు, అపార్ట్‌మెంటువాళ్ళకి తెలియకూడదని. ఆయన ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు మా ఊళ్ళో ఎవరూ "ఆ తర్వాతేందిరా?" అనలేదు, స్వీట్లు పంచారు. భద్రమైన దారులన్నీ అంత భద్రం కాదని ఈ బెంగళూరులో మళ్ళీ చెప్పాలా? ఆ మాటే అన్నాను.

బావ కోపం తెచ్చుకోలేదు. కాసేపు ఊరుకుని, "నిజమే. కానీ ఆ ఏడు నెలల్లోనూ నా తలకాయ నాకు పనిచేసింది," అన్నాడు.

నా దగ్గర దానికి జవాబు లేదు. ఎందుకు లేదో చెప్తాను.

2015 ఆగస్టులో చెన్నై నుంచి వచ్చిన జట్టుతో ఒక ఆట ఆడాం. మొదటి సగంలో ఒక బలమైనవాడు బంతితో మీదికొస్తుంటే కిందికి వంగి పట్టాను. పట్టేటప్పుడు తల వాడి పిరుదు పక్కకి పోవాలి. నేను ముందు వైపు పెట్టాను, వాడి మోకాలు కణతకి తగిలింది. ఇది కూడా నాకు చెప్పినవాళ్ళ మాటే. లేచి నిలబడ్డానట. మా జట్టు పెద్ద ఒకాయన మూడు వేళ్ళు చూపించి ఎన్ని అంటే మూడన్నానట. మాకు సరిగ్గా పదిహేను మందే ఉన్నారు, బదులు దిగేవాడు లేడు. "ఆడు గురూ, ఏనూ ఆగల్ల," అన్నారట, ఏం కాదులే అని కన్నడంలో. రెండో సగం మొత్తం ఆడానట. బంతి పక్క గీత దాటిపోతే రెండు జట్ల వరసల మధ్యకి మళ్ళీ విసరడాన్ని లైనవుట్ అంటారు, విసిరేది హుకరే, ఆ రోజు చాలా బాగా విసిరానని ఇప్పటికీ మెచ్చుకుంటారు.

నాకు తెలివొచ్చేసరికి స్కూటర్ మీద సిల్క్ బోర్డు ట్రాఫిక్ కూడలి దగ్గర ఉన్నాను. నేనుండేది మారతహళ్ళి. బెంగళూరులో బుద్ధున్నవాడెవడూ సాయంత్రం ఆరింటికి కావాలని సిల్క్ బోర్డుకి పోడు. వెనక హారన్లు కొడుతున్నారు, ఏ వైపు తిరగాలో తెలియదు, ఆట గెలిచామో లేదో తెలియదు. ఆ తర్వాత మూడు వారాలు కంప్యూటర్ స్క్రీను చూస్తే వాంతి వచ్చినట్టుండేది. దెబ్బ తగిలినప్పటి నుంచి సిల్క్ బోర్డు దాకా ఆ మధ్యాహ్నం నా దగ్గర లేదు. ఇంక రాదు కూడా.

ఒక మధ్యాహ్నం పోతేనే ఇట్లా ఉంటే స్టీవ్ థాంప్సన్ సంగతి ఆలోచించండి. ఆయనా హుకరే, ఇంగ్లండు జట్టుకి. 2003 నవంబరు 22, సిడ్నీలో ప్రపంచ కప్పు ఫైనల్, ఆస్ట్రేలియాతో 17-17, అదనపు సమయంలో ఆఖరి నిమిషం. లైనవుట్. థాంప్సన్ బంతిని దగ్గరివాడికి ఇవ్వకుండా వరస చివరిదాకా విసిరాడు. చేతులు వణికే సమయంలో అంత దూరం విసరడమంటే ఎంత గుండె కావాలో హుకర్లకే తెలుసు. అక్కడి నుంచి చేతులు మారి, జానీ విల్కిన్సన్ కుడి కాలితో, బంతిని నేలకి తాకించి స్తంభాల మధ్యకి తన్నే డ్రాప్ గోల్ కొట్టాడు, 20-17. ప్రపంచం ఆ తన్ను గుర్తుపెట్టుకుంది. నేను ఆ విసురు గుర్తుపెట్టుకున్నాను. యూట్యూబ్‌లో ఆపి ఆపి చూసి, అపార్ట్‌మెంటు టెర్రస్ మీద నీళ్ళ ట్యాంకుకి గీత గీసి, అట్లా విసరడం నేర్చుకున్నాను.

2020 డిసెంబరులో థాంప్సన్ తనకి మతిమరుపు జబ్బు మొదలైందని బయటపెట్టాడు, అప్పటికి ఆయన వయసు 42. ఆ ప్రపంచ కప్పు గెలిచినట్టు తనకి గుర్తే లేదన్నాడు. ఆ వీడియోలో తను కనపడతాడు గానీ తను అక్కడ ఉన్నట్టనిపించదట. అంటే ఆ విసురు ఈ భూమ్మీద నాకు జ్ఞాపకం ఉంది, విసిరినవాడికి లేదు. ఆయనతో మొదలైన కేసులో ఇప్పుడు వందలమంది మాజీ ఆటగాళ్ళున్నారు. తల దెబ్బల వల్ల ఏమవుతుందో ముందే తెలిసి కూడా మమ్మల్ని కాపాడలేదని ఆట పెద్దల మీద వాళ్ళ ఆరోపణ.

నిజం చెప్పాలంటే ఆట మారుతోంది. తల దెబ్బ తగిలిన ప్రొఫెషనల్ మళ్ళీ ఆడాలంటే చాలామందికి కనీసం 12 రోజులు ఆగాలని 2022లో నియమం వచ్చింది. 2024 నుంచి పెద్ద స్థాయి ఆటల్లో పళ్ళకి పెట్టుకునే గార్డులోనే సెన్సర్ ఉంటోంది, దెబ్బ ఎంత గట్టిదో బయట డాక్టరుకి తెలిసిపోతుంది. ఇంగ్లండులో ఊరి క్లబ్బుల స్థాయిలో రొమ్ము ఎముక కింది అంచు పైన పట్టకూడదన్నారు. మూడు వేళ్ళు చూపించే రోజుల నుంచి ఇంత దూరం వచ్చారు, సంతోషమే. కానీ ఇవన్నీ ఆడుతున్నప్పటి జాగ్రత్తలు. మా అమ్మ అడిగింది ఆ తర్వాతి సంగతి.

మా తాత అడిగి ఉంటే ఈ ప్రశ్న ఇంకోలా అడిగేవాడు. ఆయన బండలాగుడు పోటీలకి గిత్తల్ని మేపేవాడు. మా వైపు ఆ పోటీల్లో వయసుని పళ్ళతో లెక్కేస్తారు. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆ పైన సీనియర్లు. ఎన్ని పళ్ళొస్తే అంత బరువు బండ, నిర్ణీత సమయంలో ఎన్ని అడుగులు లాగాయో కొలుస్తారు. రెండు పళ్ళ గిత్తని సీనియర్ల బండకి కడితే ఊరు ఊరంతా తిడుతుంది. స్క్రమ్ మొదటిసారి చూసినప్పుడు నాకు ఆ బండే గుర్తొచ్చింది, అదే వంగడం, అదే మెడ, అదే నేలని తొక్కిపట్టడం. తాత గిత్తని కొనే రోజే, పోటీలు మానాక అది సేద్యానికి వస్తుందా, ఆబోతుగా ఉంటుందా అని చూసేవాడు. మేపడానికి వీల్లేకపోతే కొనేవాడే కాదు. ఆయనేం పశువుల మీద ప్రేమ ఉట్టిపడే మనిషి కాదు, పిసినారి. ముసలి గిత్త మేత కూడా లెక్కలోదే అని తెలిసిన పిసినారి.

అందుకే 2025 జూన్‌లో ముంబయిలో రగ్బీ ప్రీమియర్ లీగ్ జరుగుతుంటే నేను సంబరంగానూ చూశాను, అనుమానంగానూ చూశాను. పక్కకి ఏడుగురు ఆడే సెవెన్స్ ఆట అది, ఆరు జట్లు. మేనల్లుడు బెంగళూరు బ్రేవ్‌హార్ట్స్ అని గొంతు పోగొట్టుకున్నాడు, నేను పుట్టుక కొద్దీ హైదరాబాద్ హీరోస్. చివరికి చెన్నై బుల్స్ గెలిచింది, ఫైనల్లో ఢిల్లీ రెడ్జ్ మీద 41-0. చెన్నైలో ఉండే మా పిన్ని కొడుకు ఇప్పటికీ ఫోన్ ఎత్తగానే "నలభై ఒకటి" అంటాడు, హలో అనడు. ఒలింపిక్స్‌లో ఆడిన విదేశీ ఆటగాళ్ళ పక్కన మన కుర్రాళ్ళు నిలబడి, పరిగెత్తి, పట్టడం చూస్తే ఒళ్ళు పులకరించింది. 1878 ప్రాంతంలో కలకత్తా రగ్బీ క్లబ్బు మూతపడినప్పుడు తెల్లవాళ్ళు బ్యాంకులో మిగిలిన వెండి రూపాయల్ని కరిగించి, తాచుపాముల పిడులూ ఏనుగు మూతా పెట్టి కప్పు చేయించి ఇంగ్లండుకి పంపేశారు. అదే కలకత్తా కప్పు, ఇప్పటికీ ఇంగ్లండు, స్కాట్లండు దాని కోసమే కొట్టుకుంటాయి. నూట యాభై ఏళ్ళ తర్వాత రగ్బీ రూపాయి మళ్ళీ ఇటు తిరిగిందన్నమాట.

కానీ లీగు జరిగింది రెండు వారాలు. ఏడాదికి యాభై రెండు వారాలు. మిగతా యాభై వారాలు ఆ కుర్రాడు ఏం తింటాడు, ఎవరి జిమ్‌లో బరువులెత్తుతాడు, ఫిబ్రవరిలో ఊళ్ళో ఆడుతూ మోకాలు తెగితే ఆపరేషన్ ఖర్చు ఎవరిది? వీటికి జవాబు లేకుండా ప్రొఫెషనల్ అనే మాట వాడకూడదని నా అభిప్రాయం. సీజనుకొచ్చే కూలి అనాలి. కూలి తప్పేం కాదు, మా తాతల కాలం నుంచీ చేసిందే. దానికి ఇంకో పేరు పెట్టి పదిహేడేళ్ళవాడి చదువు మాన్పించడం తప్పు.

మన దగ్గర ముందు నుంచే దారి తెలిసినవాళ్ళు లేకపోలేదు. 2019లో మనీలాలో మన ఆడపిల్లల జట్టు సింగపూర్‌ని 21-19తో ఓడించింది, పదిహేను మంది ఆటలో మన ఆడపిల్లల జట్టుకి మొదటి అంతర్జాతీయ గెలుపు. ఆఖర్లో పెనాల్టీ కొట్టి గెలిపించిన సుమిత్రా నాయక్ ఒడిశా అమ్మాయి, భువనేశ్వర్‌లో గిరిజన పిల్లల వసతి విద్యాసంస్థలో చదువుకుంటూ ఆట నేర్చుకుంది. అక్కడ ఆటా చదువూ అన్నమూ ఒకే కప్పు కింద. 2020లో కేంద్రం క్రీడా కోటా ఉద్యోగాలకి అర్హమైన ఆటల జాబితాని 43 నుంచి 63కి పెంచింది, అందులో రగ్బీ చేరింది. టగ్ ఆఫ్ వార్ కూడా చేరిందిలెండి, నవ్వకండి. రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం ఉన్న కబడ్డీ ఆటగాడు లీగు డబ్బుల్ని అదనంగా చూసుకోగలడు. దాన్ని మనం వెనకబాటు అనుకుంటాం. 1995కి ముందు వేడ్ డూలీ చేసింది అదే కదా.

ప్రొఫెషనల్ రోజుల్లోనూ సాధ్యమేనని చూపించినవాడు ఒకడున్నాడు. జేమీ రాబర్ట్స్, సెంటరు స్థానంలో ఆడేవాడు, వేల్స్ తరఫున 94 అంతర్జాతీయ ఆటలు, రెండు లయన్స్ పర్యటనలు. ఆడుతూనే కార్డిఫ్‌లో వైద్యం చదివి 2013లో డాక్టరయ్యాడు. ఎక్కువ ఏళ్ళు పట్టింది, పట్టనీ. ఆ కాలేజీ సర్దుకుంది, క్లబ్బు సర్దుకుంది. మన దగ్గర 75 శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వం అనే కాలేజీల్ని ముందు సర్దుకోమనాలి. బీకామ్ మూడేళ్ళది ఆరేళ్ళు చదివితే ఎవరి సొమ్ము పోయింది?

మేనల్లుడికి నేను చెప్పింది ఇంతే. ఆడు. ఎవడన్నా కాగితం ముందు పెడితే, ఎంతిస్తారు అని మొదట అడక్కు. దెబ్బ తగిలితే వైద్యం ఎవరిది, ఆట లేని నెలల్లో జీతం ఉందా, నా చదువుకి వారంలో ఎన్ని గంటలు వదులుతారు, నా తల దెబ్బల లెక్క ఎవరు రాస్తారు, క్లబ్బు మారితే ఆ లెక్క నాతో వస్తుందా అని అడుగు. వాడు సగం విసుగ్గా, "ఇవన్నీ అడిగితే ఎవడు తీసుకుంటాడు మామయ్యా?" అన్నాడు. అది నిజమే. ఒక్కడు అడిగితే ఎవడూ తీసుకోడు. అందరూ అడగాలి, అందుకే ఈ వ్యాసం.

మార్చిలో న్యూజిలాండు అకాడమీ ఒకటి వాడికి బ్రోచరు పంపింది. వాళ్ళు జీతం ఇచ్చేవాళ్ళు కాదు, ఏడాది శిక్షణకి మన దగ్గరే ఫీజు తీసుకునేవాళ్ళు. వాడు ముందే మెయిల్లో నా ప్రశ్నలన్నీ అడిగాడు, పాపం, మంచి ఇంగ్లీషులో. జవాబుగా ఈ బ్రోచరు వచ్చింది. బావ ఆఫీసులో రంగుల్లో ప్రింటు తీసుకొచ్చాడు. పచ్చటి గ్రౌండ్లు, వెనక మంచు కొండలు, బురద పూసుకుని నవ్వుతున్న కుర్రాళ్ళు. ఫీజు పేజీ దగ్గర అక్క ఆగింది, నేను ఇన్సూరెన్స్ పేజీ కోసం వెతికాను.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, అక్షరాలు వదిలేసి, బొమ్మలు మాత్రం ఒక్కొక్కటీ చూసుకుంటూ చివరిదాకా తిప్పింది. తర్వాత నా చెవి వైపు ఒకసారి చూసి, కాగితాలు వాడి చేతిలో పెట్టింది.

"ఇందులో ముప్పై దాటినోళ్ళు ఒక్కరూ లేరేందిరా?"

"కోచ్ ఉంటాడు అమ్మమ్మా," అన్నాడు వాడు, మళ్ళీ మొదటి పేజీ నుంచి తిప్పడం మొదలుపెట్టి.